అలాస్కాలో వేట మీద బతికే నలుగురి ఇంటికి ఏడాదికి ఎంత మాంసం కావాలి?

పెన్నాతీరం:
అలాస్కా పల్లెల్లో దుకాణంలో మాంసం కొనకుండా, వేట మీదా చేపల మీదా ఏడాది గడిపే ఇళ్ళుంటాయి కదా. వాళ్ళ గురించి ఎక్కడ చదివినా లెక్క కుదరడం లేదు. ఒకాయన "ఒక మూస్ కొడితే ఏడాది తిండి" అంటాడు (మూస్ అంటే గుర్రమంత పెద్ద జింక జాతి జంతువు). ఇంకొకాయన "మూడు కొట్టినా వేసవికి ఫ్రీజర్ అడుగు కనిపిస్తుంది" అంటాడు. ఇద్దరు పెద్దలు, బడికెళ్ళే పిల్లలు ఇద్దరు, కుక్కలు లేవు అనుకుందాం. అసలు లెక్క ఎలా వెయ్యాలి?

లెక్కలపలక:
మూడు దారులున్నాయండీ. మూడూ వేసి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

ఒకటి, మాంసకృత్తుల లెక్క. అలాస్కా ఫిష్ అండ్ గేమ్ (చేపలు, వేట) శాఖ వాడేది ఇదే. మనిషికి రోజుకు సగటున 49 గ్రాముల ప్రొటీన్ కావాలి. అడవి తిండిలో అది 0.424 పౌండ్లలో దొరుకుతుంది, అంటే 192 గ్రాములు. ఏడాదికి మనిషికి 155 పౌండ్లు, నలుగురికి 620 పౌండ్లు.

రెండు, పూటల లెక్క. పెద్దవాళ్ళకు పూటకు అర పౌండు, పిల్లలకు పావు, అంతా ఎముక తీసిన పచ్చి మాంసం. ఇంటికి పూటకు పౌండున్నర. రోజుకు ఒక పూట వండితే ఏడాదికి 547 పౌండ్లు, రెండు పూటలా వండితే 1,095.

మూడు, వాళ్ళు నిజంగా తెచ్చుకునేది. ఆ శాఖ అంచనాల్లో పల్లె అలాస్కాలో మనిషికి ఏడాదికి 275 నుంచి 295 పౌండ్ల దాకా వస్తుంది. పట్టణాల్లో 20 పౌండ్ల చుట్టూ. నలుగురికి 275 చొప్పున వేస్తే 1,100. రెండు పూటల లెక్కకు దాదాపు సరిపోయింది చూడండి.

కానీ ఈ 1,100 అంతా వేట మాంసం కాదు. అందులో సగానికి పైగా చేప. నేల మీది జంతువుల వాటా నాలుగో వంతుకు కొంచెం తక్కువే. మిగతాది తీరంలో సీల్, తిమింగలం, ఆపైన పక్షులు, గవ్వచేపలు, బెర్రీలు. "వేట మీద బతికే ఇల్లు" అనగానే మనకు తుపాకీ కళ్ళముందుకొస్తుంది, అక్కడ ఇల్లు నిలబెట్టేది ఎక్కువగా వల.

కత్తిపీట:
మాస్టారు చెప్పిన పౌండ్లన్నీ ఎముక తీసినవి అని గుర్తు పెట్టుకోవాలి. జనం పొరపడేది ఇక్కడే.

పెద్ద మగ మూస్ బతికుండగా 1,200 నుంచి 1,600 పౌండ్లు తూగుతుంది. పేగులు, తల, తోలు, కాళ్ళ కింది ముక్కలు పోయాక మిగిలేది అందులో అరవై శాతం లోపు. ఎముక తీసి, ఆరిపోయిన పైపొర, రక్తం గడ్డకట్టిన చోట్లు కోసేశాక ఫ్రీజర్లోకి వెళ్ళేది 500 పౌండ్ల చుట్టూ. శాఖ లెక్కల్లో మూస్‌కి 540, కారిబూ అనే అక్కడి రెయిన్‌డీర్‌కి 130 నుంచి 150 పట్టుకుంటారు. కారిబూ ఆడదైతే దక్కేది అందులో ఇంచుమించు సగం. సిట్కా జింకకు 80 కడతారు.

ఇంకో మెలిక. చాలా ప్రాంతాల్లో మగ మూస్‌ని ఏదో ఒకటి కొట్టడానికి వీల్లేదు. కొమ్ము ఒంటి పుల్లగానో రెండు చీలికలుగానో ఉన్న కుర్రది కావాలి, లేదా కొమ్ముల వెడల్పు 50 అంగుళాలు దాటిన పెద్దది కావాలి, లేదా నుదుటి దగ్గర చీలికలు చెప్పినన్ని ఉండాలి. కుర్రది దొరికితే మాంసం పెద్దదానిలో సగం పైచిలుకే. కాబట్టి "ఒక మూస్" అనేది కొలత కాదు.

పెన్నాతీరం:
1,600లో 500 అంటే మిగతాదంతా వృథాయేనా?

కత్తిపీట:
కాదు. కడుపులో ఉన్న మేతే కొన్ని డజన్ల కిలోలు. తోలు, తల, ఎముకల బరువు కూడా తక్కువేం కాదు. తెలిసిన ఇంట్లో గుండెకాయ, నాలుక, కార్జం, ముక్కుభాగం, మూలుగ ఎముకలు అన్నీ ఇంటికొస్తాయి, పులుసుకు ఎముకలు కూడా. కిడ్నీల విషయంలో మాత్రం చెయ్యి ఆపాలి. వయసు మీరిన మూస్ కిడ్నీలో కాడ్మియం అనే విష లోహం పేరుకుంటుంది, కార్జంలో కూడా కొంత. ఎప్పుడైనా ఒకసారి సరే, రోజూ కూరకు పనికిరాదు.

వృథా గురించి చట్టం గట్టిగానే ఉంది. మెడ, రొమ్ము, పక్కటెముకల మాంసం, ముందు జబ్బలు మోకాలి దాకా, వెనక తొడలు మడమ కీలు దాకా, వీపు కండలు, లోపలి మెత్తకండలు తప్పకుండా తేవాలి. మాంసం కదలకముందే కొమ్ములు మోసుకెళ్తే నేరం. కొన్ని యూనిట్లలో (వేట మండలాల్లో) అడవి దాటేదాకా ఎముక నుంచి మాంసం విడదీయకూడదు. అక్కడ మోత బరువు పెరుగుతుంది, పెద్ద మూస్ వెనక తొడ ఒక్కటే వంద పౌండ్లు దాటుతుంది.

పోషణపట్టిక:
అందరూ పౌండ్లు లెక్కపెడుతున్నారు, కేలరీలు ఎవరూ ముట్టుకోలేదు. నా దృష్టిలో ప్రశ్నకు అసలు జవాబు అక్కడుంది.

పచ్చి మూస్ మాంసం 100 గ్రాముల్లో 102 కేలరీలు, 22 గ్రాముల ప్రొటీన్, కొవ్వు ఒక గ్రాము కూడా లేదు. 500 పౌండ్లంటే 227 కిలోలు. ప్రొటీన్ 50 కిలోలు వస్తుంది. నలుగురికి ఏడాదికి కావలసింది 71 కిలోలు కాబట్టి ఒక్క మూస్ 70 శాతం తీర్చేసింది.

ఇప్పుడు శక్తి చూడండి. 227 కిలోలకు దాదాపు 2,31,000 కేలరీలు. నలుగురి ఇంటికి రోజుకు 8,800 చొప్పున ఏడాదికి 32 లక్షలు కావాలి. మూస్ ఇచ్చింది 7 శాతం! అమెరికాలో మన దుకాణాల్లో దొరికే 20 పౌండ్ల సోనా మసూరి బస్తాలు ఏడు కొంటే అదే శక్తి వస్తుంది. కొవ్వు కూడా గీరి దాచుకుంటే ఈ అంకె కొంత పెరుగుతుంది, తలకిందులు మాత్రం కాదు.

అందుకే "ఒక మూస్ చాలు" అన్నాయన, "మూడు చాలవు" అన్నాయన ఇద్దరూ నిజమే చెప్పారు. ఇంట్లో పిండి, బియ్యం, బంగాళాదుంప, నూనె ఉంటే ఒకటి చాలు. అవి లేకపోతే మూడు కాదు, పది కొట్టినా కుదరదు.

కంచుకాగడా:
పది కొట్టినా కుదరదంటే ఎలా? ఆర్కిటిక్ ఆదివాసులు ఇన్యూట్లు ధాన్యం లేకుండానే వేల ఏళ్ళు బతికారుగా.

పోషణపట్టిక:
బతికారు, కానీ పలచటి కండ మీద కాదు. సీల్ కొవ్వు, తిమింగలం తోలుతో పాటు దాని కింది కొవ్వు, కొవ్విన చేప, మూలుగ. కండకు రెండో స్థానం.

శరీరం ప్రొటీన్ని శక్తిగా మార్చేటప్పుడు నైట్రోజన్ని కాలేయం యూరియాగా మార్చి బయటికి పంపాలి. దానికొక హద్దుంది. మొత్తం శక్తిలో ప్రొటీన్ వాటా 35 శాతం దాటి రోజులు గడిస్తే వికారం, విరేచనాలు, నీరసం. ఎంత తిన్నా ఆకలి తీరదు. ఉత్తరాది వేటగాళ్ళు దీన్ని కుందేలు కరువు అంటారు.

2,000 కేలరీల మనిషికి ప్రొటీన్ హద్దు 175 గ్రాములు, అంటే సుమారు 800 గ్రాముల మూస్ మాంసం. దాని నుంచి 800 కేలరీలు వచ్చాయనుకోండి. మిగతా 1,200 కొవ్వు నుంచో పిండి నుంచో రావాలి. అంతా కొవ్వే అయితే రోజుకు 133 గ్రాములు. ఆ కొవ్వు లేనప్పుడు మాంసం రెండు కిలోలు తిన్నా మేలు లేదు, ప్రొటీన్ 87 శాతానికి పోతుంది.

చరిత్రలోనూ దీని ఛాయ కనిపిస్తుంది. అమెరికా ప్రభుత్వం పంపిన అన్వేషకులు లూయిస్, క్లార్క్‌ల దండు పశ్చిమానికి పోయేటప్పుడు, 13 జులై 1805 నాటి రాతలో లూయిస్ లెక్క కట్టాడు: దండుకు ఒక రోజు కడుపు నిండాలంటే నాలుగు జింకలు, లేదా పెద్ద జింక లాంటి ఒక ఎల్క్‌తో పాటు ఒక జింక, లేదా ఒక అడవిదున్న కావాలి. దండులో ఉన్నది ముప్పై మంది పైన. ఎదురు ప్రవాహంలో పడవలు లాగే మనుషులు, పిండి వంతులు తరిగిపోయిన రోజులు.

కంచుకాగడా:
ఒప్పుకున్నాను. అయితే చిన్న వేట సంగతేంటి? కుందేళ్ళకు ఉచ్చు వేసుకుంటే తూటా ఖర్చు కూడా లేదు.

లెక్కలపలక:
స్నోషూ కుందేలు మూడు, నాలుగు పౌండ్ల జీవి. కూరకు వచ్చేది పౌండున్నర, అంటే ఇంటికి ఒక పూట. మూస్‌కి సమానం కావాలంటే మూడు వందలకు పైగా పట్టాలి. టార్మిగన్ పక్షికి ఒక పౌండు కూడా రాదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు, కుందేళ్ళ సంఖ్య సుమారు పదేళ్ళకోసారి ఎగిసి కుప్పకూలుతుంది. నిండుగా ఉన్న ఏడు ఎక్కడ చూసినా అవే, కూలిన ఏడు ఉచ్చులన్నీ ఖాళీ. చలికాలంలో రుచి మార్పుకు బాగుంటాయి, ఇంటి బడ్జెట్లో మాత్రం రాసుకోకూడదు.

కత్తిపీట:
తోలు తీసేటప్పుడు గ్లవ్స్ వేసుకోవాలి. కుందేళ్ళ నుంచి టులరేమియా అనే జబ్బు అంటుకుంటుంది. కార్జం మీద తెల్లటి చుక్కలుంటే మొత్తం పారెయ్యడమే.

నల్లఎలుగు సంగతి కూడా ఇక్కడే చెప్తాను, కొవ్వు మాట వచ్చింది కాబట్టి. శరత్కాలం నల్ల ఎలుగు వీపున కొవ్వు మందంగా ఉంటుంది. చిన్న ముక్కలు కోసి, సన్నని మంట మీద కరిగించి, వడగడితే తెల్లటి కొవ్వు, రొట్టెలకూ వేపుళ్ళకూ చాలా బాగుంటుంది. బెర్రీలు తిన్న ఎలుగైతే. కుళ్ళిన చేప మీద బతికినదైతే ఆ కొవ్వు వాసన భరించలేం. మాంసం మాత్రం 71 డిగ్రీల సెల్సియస్ లోపలి దాకా ఉడకాల్సిందే. ఉత్తరాది ట్రైకినెల్లా పురుగు గడ్డకట్టినా చావదు, "ఫ్రీజర్లో నెల ఉంచాం" అన్నది అక్కడ పనిచెయ్యదు. ఆరబెట్టినా, పొగబెట్టినా చాలదు.

చట్టంచూడు:
ఎన్ని కొట్టాలో మీరు తేలుస్తున్నారు, ఎన్ని కొట్టనిస్తారో నేను చెప్తాను.

చాలాచోట్ల మనిషికి ఏడాదికి ఒక్క మూస్. "మూడు మూస్‌లు" అంటే మూడు వేట అనుమతి టికెట్లు, ముగ్గురు వేటగాళ్ళు. 65 దాటినవాళ్ళ కోసం, చూపు లేనివాళ్ళ కోసం, తీవ్ర వైకల్యం ఉన్నవాళ్ళ కోసం వేరొకరు వేటాడవచ్చు, ముందే కాగితం రాయించుకోవాలి. మూస్, కారిబూ మాంసం అమ్మకూడదు. పంచుకోవచ్చు, చేతులు మారినట్టు చీటీ రాసుకుంటే చాలు.

1980 నాటి ఫెడరల్ (కేంద్ర) చట్టం ప్రకారం ఫెడరల్ భూముల్లో పల్లె నివాసులకు మొదటి హక్కు. 1989లో అలాస్కా సుప్రీం కోర్టు, రాష్ట్రం అలా పల్లెకు ముందుపీట వేయడం రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమంది. అప్పటి నుంచి రెండు రూల్ పుస్తకాలు. ఒకే నదికి ఈ ఒడ్డున ఒక తేదీ, ఆ ఒడ్డున ఇంకో తేదీ ఉండొచ్చు. యాంకరేజ్, ఫెయిర్‌బ్యాంక్స్, జూనో పల్లెలు కావు.

ఇక్కడ హెచ్-1బి మీద ఉన్న మనవాళ్ళకో మాట. వలసేతర వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం, చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు. అలాస్కా నివాసి కావాలంటే వరసగా 12 నెలలు ఉండాలి. నివాసి కాని విదేశీయుడు పెద్ద జంతువుల వేటకు గైడ్ లేకుండా అడుగు పెట్టకూడదు.

పెన్నాతీరం:
మనిషికి ఒకటే అయితే, ఏమీ దొరకని ఇల్లు ఏం చేస్తుంది?

లెక్కలపలక:
పక్కింటి నుంచి వస్తుంది. అలాస్కా పల్లెల సర్వేల్లో మళ్ళీ మళ్ళీ తేలిన సంగతి, ఊళ్ళో 30 శాతం ఇళ్ళు 70 శాతం తిండి తెస్తాయి. పడవ, మంచుబండి, వయసులో ఉన్న కొడుకులు ఉన్న ఇల్లు మూడిళ్ళకు కొడుతుంది. అందుకని "ఇంటికి ఎంత" అని అడిగితే సగం ప్రశ్నే. ఆ ఇంటి నుంచి ఎన్ని ఇళ్ళకు గిన్నె వెళ్తుందో కూడా చూడాలి. "మూడు మూస్‌లు చాల్లేదు" అన్న పెద్దమనిషి అలాంటి ఇంట్లో ఉండి ఉండొచ్చు.

వలవాడు:
చేప లేకపోతే పై లెక్కలన్నీ కూలతాయి, ఇప్పుడు కూలుతున్నాయి కూడా. యూకాన్ నదిలో 2020, 2021ల్లో చమ్ రకం సాల్మన్ చేప పడిపోయింది. రాజు సాల్మన్, అంటే చినూక్ మీద 2024లో అలాస్కా రాష్ట్రం, కెనడా కలిసి ఏడేళ్ళ నిలుపుదల పెట్టుకున్నాయి. ఆ ఒడ్డు ఊళ్ళకు చినూక్ అంటే కొవ్వు. 100 గ్రాములకు 179 కేలరీలు, 10 గ్రాముల కొవ్వు. చమ్‌లో 120 కేలరీలు, 4 గ్రాముల లోపు కొవ్వు. ఆ చినూక్ స్థానంలో మూస్ పెడితే ప్రొటీన్ నిండుతుంది, కొవ్వు నిండదు, పోషణపట్టిక గారు చెప్పిందే.

పశ్చిమ ఆర్కిటిక్ కారిబూ మంద 2003లో 4,90,000. 2023లో 1,52,000. రోజుకు ఐదు కొట్టనిచ్చిన చోట 2024లో రాష్ట్రం ఏడాదికి 15కి దించింది, అందులో ఆడది ఒక్కటే.

రోడ్డు అందే అలాస్కా ఇంటికి మాత్రం కాపర్ నదిలో చిటినా దగ్గర బుట్టవల ఉంది. ఇంటి పెద్దకు 25, మిగతా ఒక్కొక్కరికి 10 సాల్మన్‌లు, నలుగురికి 55. ఎక్కువగా సాకై రకం సాల్మన్. చేపకు నాలుగు పౌండ్లు తినేది వేసుకుంటే 220 పౌండ్లు. మూస్ 500, ఇది 220, మొత్తం 720. ప్రొటీన్ లెక్కకు కావలసిన 620 దాటేసింది, పూటకు పౌండున్నర చొప్పున 480 పూటలు.

ఒట్టితునకలు:
అన్న, కొట్టినంక నిలవుంచుడు గురించి ఎవ్వరు చెప్తలేరు. అస్సలు నష్టం ఆడనే ఉంటది. సెప్టెంబర్‌ల పగలు ఎండ కాస్తది, మూస్ తోలు కంబళి లెక్క ఏడిని లోపల్నే ఆపుతది. గంటలల్ల తోలు తియ్యాలె. పడ్డ చోట నీళ్ళల్ల ఉంటే పని రెండింతలు, అందుకే నీళ్ళల్ల నిలబడ్డదాన్ని కొట్టద్దు.

మొదలు చెడేది వెనుక తొడ, తుంటి గుండు కాడ. పైకి మంచిగ కనవడ్తది, లోపట ఎముక పొంటి పులిసిన వాసన. ఏడి ఎక్కువున్న రోజు తొడ ఎముక పొంటి కత్తితోని గాటు పెట్టి తెరిచి పెడితే లోపలి ఏడి ఎల్లిపోతది. 4 డిగ్రీల కిందికి దింపాలె. నూలు సంచులల్ల కట్టి, నీడకు, గాలాడేటట్టు ఏలాడదియ్యాలె. ప్లాస్టిక్ సంచుల పెడితే ఒక్క రాత్రిల జిగటైతది. పైన ఎండిన పొర కట్టాలె, గా పొర ఉంటే ఈగ గుడ్డు పెట్టలేదు. చెరువు నీళ్ళతోని కడుగుడు అస్సలు వద్దు.

ఇంకోటి, కొట్టినంక వెంటనే గడ్డ కట్టిస్తే కండ గుంజుకపోయి చెప్పు లెక్కైతది. ఒకటి రెండు రోజులు బిగుసుకొని సడలినంకనే ఫ్రీజర్ల పెట్టాలె. 1 నుంచి 3 డిగ్రీల సల్లదనం ఉంటే వారం ఏలాడదీస్తే ఇంకా మెత్తగైతది.

కత్తిపీట:
దీనికి కాలం కూడా కలుపుకోవాలి. సెప్టెంబర్ చివరికి మగ మూస్ ఎదకొస్తుంది, మేత మానేస్తుంది, వేసవంతా కూడబెట్టిన కొవ్వు కరిగిపోతుంది. నెల మొదట్లో కొట్టినదానికీ నెలాఖరుకు కొట్టినదానికీ కొవ్వులో చాలా తేడా. కారిబూ మగవైతే అక్టోబర్లో కంపు కొడతాయి, అప్పుడు ఆడవాటినే వెతుక్కుంటారు, అదీ అనుమతి ఉన్నచోట.

పెన్నాతీరం:
500 పౌండ్లకు ఎంత ఫ్రీజర్ కావాలి? కరెంట్ పోతే?

లెక్కలపలక:
ఘనపుటడుగుకు 35 నుంచి 40 పౌండ్లు కోసి చుట్టిన మాంసం పడుతుంది. 500కు 13, 14 అడుగులు, చేపకు ఇంకో 6. నిండుగా ఉన్న ఫ్రీజర్ మూత తెరవకపోతే 48 గంటలు ఆగుతుంది, సగమే ఉంటే 24. డీజిల్ జనరేటర్ల మీద నడిచే ఊళ్ళో అందుకే అంతా ఫ్రీజర్లో పెట్టరు, సీసాల్లో కొంత, ఎండబెట్టి కొంత.

ఒట్టితునకలు:
ఎండవెడితే నాలుగు పౌండ్లకు ఒక పౌండు మిగుల్తది. కొవ్వు మొత్తం గీకాలె, లేకుంటే ముక్కవాసనొస్తది. నార పొంటి పావు అంగుళం మందం కోసి, ఉప్పు పట్టించి, పొగ గదిల ఆల్డర్ కట్టెతోని. మన దగ్గర ఎండ మీద ఎండవెట్టినట్టు ఆడ కుదరదు, సెప్టెంబర్ల తేమ ఉంటది. ఎండవెట్టే ముందు 71 డిగ్రీల దాకా ఏడి చేస్తే భయముండదు.

సీసామూత:
సీసాల సంగతి నేను చెప్తాను, ఇక్కడ తప్పు జరిగితే ప్రాణాలకే ముప్పు. మాంసం సీసాలను మామూలు నీళ్ళ మరుగులో పెట్టకూడదు. బొటులినమ్ అనే విష బ్యాక్టీరియా బీజాలు వంద డిగ్రీలకు చావవు. ప్రెషర్ క్యానర్ ఉండాలి. మన ఇళ్ళలో పప్పుకు వాడే కుక్కర్ దీనికి సరిపోదు, సీసాలు పట్టవు, వేడెక్కే, చల్లారే వేగం వేరు.

పచ్చి ముక్కలు, మీద ఒక అంగుళం ఖాళీ. నీళ్ళు పొయ్యనక్కర్లేదు, ఊరిన రసం చాలు. ఆవిరి పది నిమిషాలు వదలాలి, తర్వాతే బరువు పెట్టాలి. వెయ్యి అడుగుల లోపు ఎత్తులో బరువు పెట్టి ఒత్తిడి ఆపే రకం క్యానర్‌కు 10 పౌండ్ల ఒత్తిడి, ముల్లు గడియారం ఉన్న రకానికి 11. పింట్ (సుమారు అర లీటరు) సీసాకు 75 నిమిషాలు, దానికి రెట్టింపు పట్టే క్వార్ట్‌కు 90. వెయ్యి అడుగులు దాటితే బరువు రకానికి 15. చేపకు వేరే, పింట్‌కు 100 నిమిషాలు. మధ్యలో ఒత్తిడి తగ్గితే మళ్ళీ మొదటి నుంచి సమయం లెక్కపెట్టాలి, "ఇంకో పది నిమిషాలు" వేసి సరిపెట్టకూడదు.

క్వార్ట్‌లో రెండు పౌండ్లు పడుతుంది. 200 పౌండ్ల మాంసానికి 100 క్వార్ట్‌లు, ఒక విడతకు ఏడు, అంటే పదిహేను విడతలు. వేడెక్కడం, చల్లారడం కలిపి విడతకు మూడు గంటలు. సగం సీజన్ వేటలో పోతే మిగతా సగం పొయ్యి దగ్గర పోతుంది.

కీమా గురించి ఒక్క మాట. అంతా ఒకేసారి ఆడించి పెట్టవద్దు, గాలి తగిలిన కీమా ముక్క కంటే ముందు పాడవుతుంది. ముక్కలుగా గడ్డకట్టించి, కావలసినప్పుడు ఆడించుకోవాలి. పదికి ఒకటి, రెండు వంతులు పంది కొవ్వో ఎద్దు కొవ్వో కలిపితే పొడిపొడిగా రాలదు. సీసపు తూటాతో కొట్టినదైతే గాయం చుట్టూ చేతివెడల్పు కోసి పారేశాకే కీమా. సీసం తునకలు కంటికి కనపడవు, పిల్లలున్న ఇంట్లో రాగి తూటాయే మేలు.

నల్లమలగాలి:
మరి మన చెంచుల లెక్క ఎలా ఉండేది? వాళ్ళదీ వేటే కదా.

చట్టంచూడు:
పేరుకు వేటగాళ్ళని అంటాం. 1940ల్లో నల్లమలలో తిరిగిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ రాసిన దాన్ని బట్టి, వాళ్ళ కడుపు నింపింది ప్రధానంగా తవ్వుకున్న దుంపలు, పండ్లు. విల్లుతో దొరికే మాంసం అప్పుడప్పుడూ. అక్కడ చేప చేసిన పని ఇక్కడ దుంప చేసింది. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత అదీ లేదు. 2006 అటవీ హక్కుల చట్టం తేనెకూ గడ్డలకూ హక్కు ఇచ్చింది గానీ వేటను పేరు పెట్టి మరీ మినహాయించింది. కాబట్టి ఈ దారంలో ఉన్న లెక్కలు ఇక్కడ ఎవరూ ప్రయత్నించడానికి కావు.

పెన్నాతీరం:
అందరికీ ధన్యవాదాలు. నాకు అర్థమైంది సరిగ్గా ఉందో లేదో చూడండి: పెద్ద మూస్ ఒకటి, సాల్మన్ 55, ప్రొటీన్ తీరింది. మిగతా శక్తికి పిండి, బియ్యం, నూనె కొనాలి. మూస్ దొరకని ఏడు?

పోషణపట్టిక:
సరిగ్గానే ఉంది. 720 పౌండ్లు కలిపినా ఏడాది శక్తిలో పదో వంతు చుట్టూ, కాబట్టి ముందు కొనాల్సిన జాబితాలో నూనె పైన ఉండాలి. ఇంటికి రోజుకు 150 గ్రాములు వేసుకుంటే ఏడాదికి 55 కిలోలు, అదొక్కటే 5 లక్షల కేలరీలు, రెండు మూస్‌లకు పైన. బంగాళాదుంప అక్కడి నేలలో బాగా పండుతుంది.

వలవాడు:
మూస్ దొరకని ఏడు అనేది మామూలు ఏడే. వేటకు వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది ఉత్త చేతులతోనే వస్తారు. అందుకే చేపను ముందు పట్టి పెట్టుకుంటారు. చేప జూన్, జులైలో వస్తుంది, మూస్ సెప్టెంబర్లో. ఆగస్టు చివర సీసాలు లెక్కపెట్టుకుంటే ఎంత లోటుందో తేలుతుంది. కారిబూ తెరిచిన యూనిట్ దగ్గరుంటే పెద్దవి మూడు, లేదా ఎలుగు, లేదా పక్కింటివాళ్ళతో కలిసి వెళ్ళి వాటా.

సీసామూత:
లెక్కపెట్టేటప్పుడు పాత సీసాల మూతలు కూడా నొక్కి చూడండి. మధ్యలో టక్కుమని లోపలికి కదిలితే, లేదా మూత ఉబ్బితే, రుచి చూడకుండా పారెయ్యాలి. వాటిని ఆ ఏడాది పూటల్లోంచి తీసేసి మళ్ళీ లెక్క వెయ్యాలి.